పాత సింగర్ చేతి మిషన్ కొన్నాను, చక్రం తిరగట్లేదు. రంగు వేయించాలా?

కొత్తసూది:

అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్ యాప్‌లో ప్రకటన చూసి పోయిన ఆదివారం మలక్‌పేటలో ఒకాయన దగ్గర సింగర్ చేతి మిషన్ కొన్నాను. ఆరు వేలు చెప్పాడు, మూడున్నరకి దిగాడు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చా. కూకట్‌పల్లిలో దిగేసరికి కాళ్లు మొద్దుబారిపోయాయి.

పైన గుండ్రంగా వంచిన చెక్క మూత ఉంది, దానికి తాళంచెవి లేదు. నంబరు "వై" అక్షరంతో మొదలవుతోంది. కింద గుండ్రటి బాబిన్ బదులు పడవలాంటి ఇనపముక్క, అందులో సన్నగా పొడుగ్గా ఉన్న బాబిన్. చక్రం కొంచెం కదిలి ఆగిపోతోంది. నల్లరంగు మీద బంగారు తీగలూ పూలూ ఉన్నాయి గానీ, డికాక్షన్ ఒలికి ఎండిపోయినట్టు గోధుమరంగు జిడ్డు పట్టేసింది.

మా వీధిలో మిషన్లు బాగుచేసే అబ్బాయి "రెండువేలివ్వండి మేడమ్, థిన్నర్‌తో కడిగి, స్ప్రే పెయింట్ కొట్టి, కొత్త స్టిక్కర్ వేసి, మోటార్ పెట్టి ఇస్తా" అంటున్నాడు. మావారు సరే అనేశారు. నాకే మనసొప్పట్లేదు. మా అమ్మమ్మకి ఇలాంటిదే ఉండేది. పాత ఇనపసామాన్లవాడికి ఇచ్చేసి రెండు స్టీలు గిన్నెలు తీసుకున్నారు. అందులో ఒకటి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, పప్పు నానబోస్తుంటాను.

ఏం చెయ్యమంటారు? ఇది ఏ కాలం నాటిది? ఈ పొడుగు బాబిన్లు ఇప్పుడు దొరుకుతాయా?

తెనాలి దర్జీగారబ్బాయి:

ముందు ఆ కుర్రాణ్ణి ఆపండమ్మా. మిగతా సంగతులు తరవాత.

మా నాన్నగారికి తెనాలి బోసురోడ్డులో చిన్న కొట్టుండేది. నేను బ్యాంకులో చేసి రిటైరై, ఇప్పుడు పాత మిషన్లు పోగేస్తున్నాను. నా దగ్గర పదకొండు ఉన్నాయి. మా ఆవిడ లెక్కలో పదకొండు ఎక్కువ.

థిన్నర్, స్పిరిట్, శానిటైజర్ ఈ మూడింటినీ దాని దరిదాపులకి రానివ్వకండి. ఆ బంగారు పూల మీద పల్చటి లక్క పూత ఉంటుంది. మన వడ్రంగులు బీరువాలకి వేసే స్పిరిట్ పాలిష్ ఉంది చూశారూ, అదే జాతి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. పూత పోతే దాని వెనకే పూలూ పోతాయి. ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా మొదటి మిషన్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నాను. లాక్‌డౌన్‌లో ఇంటినిండా శానిటైజర్ సీసాలే కదా, దూది తడిపి తుడిచాను. దూది గోధుమరంగుకి తిరిగింది. అబ్బ, జిడ్డు ఎంత బాగా వదులుతోందో అనుకున్నా. వదిలింది లక్క! ఆ మిషన్ నడుం మీద ఉన్న పేరులో మొదటి రెండక్షరాలు ఇప్పుడు లేవు.

మరి దేంతో తుడవాలి? మామూలు మిషన్ నూనెతోనే. దూదికి రాసి, ముందు వెనకవైపు ఎవరికీ కనబడనిచోట చూడండి. దూదికి బంగారం అంటకపోతే మెల్లగా ముందుకి రండి. రుద్దకూడదు, నూనె పట్టించి ఓ పూట వదిలెయ్యాలి, తుడవాలి, మళ్ళీ పట్టించాలి. నాలుగైదు రోజులు పడుతుంది. ఓపిక లేనివాళ్ళే థిన్నర్ దగ్గరికి వెళ్తారు.

ఇక చక్రం. ముందు చక్రం మధ్యలో ఉన్న చిన్న గుండ్రటి మరని ఎడమవైపుకి తిప్పి వదులు చెయ్యండి. అప్పుడు చక్రం ఒక్కటే గిర్రున తిరిగితే పట్టేసింది లోపల అన్నమాట. పడవముక్క ఉందన్నారే, దాన్నే షటిల్ అంటారు. అది తీసి, ఆ గాడిలో దారంపోగులు చిక్కుకున్నాయేమో చూడండి. నేను చూసిన వాటిలో సగం వాటికి జబ్బు అదే.

మిగతా సగానికి జబ్బు కొబ్బరినూనె. మన ఇళ్ళల్లో మిషన్ నూనె అయిపోతే ఆడవాళ్ళు తలకి రాసుకునే నూనెలోంచే నాలుగు చుక్కలు వేసేవారు. అది ఏళ్ళ తరబడి ఎండి జిగురై, ఆ పైన పలకలా గట్టిపడుతుంది. నూనె పోసే రంధ్రాలన్నిట్లో, మిషన్ పక్కకి వాల్చి కింద కీళ్ళలోనూ రెండేసి చుక్కలు కిరోసిన్ వేసి రాత్రంతా వదిలెయ్యండి. రేషన్ కిరోసిన్ రోజులు పోయాయి కాబట్టి ఇది సంపాదించడమే పెద్ద పని. వంటింట్లో మాత్రం చెయ్యకండి. పొద్దున హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చచేసి చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపండి. బలం పెట్టకూడదు. కదలకపోతే ఇంకో రాత్రి. కదిలాక అసలు నూనె వెయ్యడం మరిచిపోకండి. కిరోసిన్ జిగురు కరిగిస్తుందే గానీ రాపిడిని ఆపదు.

"వై" నంబరు గురించి. అది స్కాట్లాండులో క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది, 1920ల నుంచి 30ల నడిమి దాకా వాడిన వరస. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. అక్కడి రైల్వే స్టేషన్ పేరు మాత్రం ఇవాళ్టికీ సింగరే. ఇనప అడుగుపలక పొడవు టేపుతో కొలవండి. పన్నెండున్నర అంగుళాలైతే మోడల్ 28, పద్నాలుగున్నర అయితే 27. షటిల్‌ని పైకి నెట్టే చిన్న మీట ఉంటే 127 గానీ 128 గానీ అవుతుంది. మోడల్ చివర "కె" అని రాస్తారు, అది క్లైడ్‌బ్యాంక్‌లోని కిల్‌బోయీ గుర్తు. సూదికి దిగులు లేదు. ఉషాకి వేసే మామూలు సూదే దీనికీ సరిపోతుంది.

ఇంకో మాట. మీకు దొరికింది అసలుదే అని ఆ జిడ్డే చెబుతోంది. ఊరూపేరూ లేని బాడీకి నిగనిగలాడే నల్లరంగు కొట్టి, సింగర్ స్టిక్కర్ అంటించి "బ్రిటిష్ కాలం నాటిది" అని అమ్ముతున్నారు. నంబరు ఇనుములోకి గుద్ది ఉండాలి, కంపెనీ బిళ్ళ మేకులతో బిగించి ఉండాలి. ఈ రెండూ లేనిదాన్ని నేను ముట్టను.

జగిత్యాల పోరడు:

అన్న చెప్పింది కరెక్టే అక్కా. గని గా "బ్రిటిష్ కాలం" ముచ్చటంటే నాకు నవ్వొస్తది. 2009ల నేను రియాద్‌ల ఉన్న. పాత సింగర్ మిషన్ల ఎర్ర పాదరసమని ఏదో విలువైన సరుకు ఉంటదని సౌదీ అంతట పుకారు లేసింది. సెల్‌ఫోన్ సూది కాడికి తీస్కపోతె లైన్ కట్టయితదట, అయితె పాదరసం ఉన్నట్టేనట! షేకులు వేల రియాళ్ళు వెట్టి కొన్నరు. ఇంటికి ఫోన్ జేసి చెప్తే మా చిన్నాయిన ఊర్లె ఇల్లిల్లూ తిరిగి రెండు మిషన్లు జమ చేసిండు. అంతల్నే పుకారు సల్లవడ్డది. ఒకటి మా చిన్నమ్మ జాకెట్లు కుట్టుకుంటున్నది. ఇంకోటి ఇప్పటికీ కోళ్ళగూడు మీద బరువుకున్నది. ఎవలన్న "లక్షలొస్తయి" అంటె నమ్మకుండ్రి.

రెడీమేడ్ కాదు:

నేను ముప్ఫై ఏళ్ళుగా టైలర్ని. పూలు, లక్క అన్నీ బాగానే ఉన్నాయి సార్. కుట్టని మిషన్ ఎందుకు? మోటార్ పెడితే ఆవిడ వాడుకుంటారు, లేకపోతే షోకేసులో బొమ్మ అవుతుంది.

తెనాలి దర్జీగారబ్బాయి:

కుట్టాలనే నేనూ అంటున్నాను గురువుగారూ. కానీ ఆ షటిల్ ఊయలలా ఇటూ అటూ ఊగుతుంది, మీ మిషన్‌లో కొక్కెంలా కాదు. మోటార్ వేగానికి టకటకా కొట్టుకుంటుంది. పైగా చేతిపిడి తీసేసి, మోటార్ కోసం చెక్క అడుగుకి బెజ్జాలు పెడతారు. ఆవిడ గలేబులూ లంగాలూ కుట్టుకోవడానికి చెయ్యి చాలదూ? కోళ్ళగూడు మీది దాని ఫోటో పెట్టమ్మా జగిత్యాల తమ్ముడూ, మాట్లాడుకుందాం.

కొత్తసూది:

నాలుగో రోజు పొద్దున తిరిగింది! కింద కీలు దగ్గర గోకితే తేనెపట్టు మైనంలాంటి ముద్ద వచ్చింది. వాసన చూస్తే నిజంగానే కొబ్బరినూనె మక్కువాసన. పన్నెండున్నర అంగుళాలే, మీటా లేదు, అంటే 28. మూత తాళానికి ఒక సన్న స్క్రూడ్రైవర్ కొనని ఆకురాయితో రాకి తాళంచెవిలా చేశారు మావారు. మోటార్ మాట ఇంక ఎత్తట్లేదు.

రెండు సందేహాలు. వానాకాలం దీన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టనా? ఇంకోటి, షటిల్‌లో ఎవరో చుట్టిన ఆకుపచ్చ దారం ఇంకా సగం ఉంది. తీయబుద్ధి కావట్లేదు.

తెనాలి దర్జీగారబ్బాయి:

ప్లాస్టిక్ వద్దు, లోపల చెమ్మపట్టి తుప్పొస్తుంది. పాత నూలుచీర కప్పి, చెక్కమూత పెట్టండి. నెలకోసారి చక్రం పది చుట్లు తిప్పండి.

ఆ దారం మాత్రం తీసెయ్యాలమ్మా. నూలు చెమ్మ పీల్చి బాబిన్‌ని తినేస్తుంది. తీసి ఓ కాగితానికి చుట్టి మూతలో దాచుకోండి, మీ ఇష్టం. పొడుగు బాబిన్లు నా దగ్గర ఆరున్నాయి, రెండు కొరియర్‌లో పంపుతాను. డబ్బులొద్దు. మొదటి కుట్టు మాత్రం కొత్త గుడ్డ మీద వెయ్యకండి, లోపలి నూనె ఇంకా కారుతుంది. ముందు ఏదైనా మసిగుడ్డ మీద ఓ గజం కుట్టి చూడండి.