ఒడియా బడిలో చదివే మన పిల్లలకు తెలుగు టైపింగ్ ఏ పద్ధతిలో నేర్పాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఈ వేసవి సెలవుల్లో మా వీధి పిల్లలు పన్నెండు మందికి కంప్యూటర్‌లో తెలుగు రాయడం నేర్పుదామనుకుంటున్నాను. అందరూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. తెలుగు అక్షరాలు గుర్తుపడతారు గానీ గుణింతాల దగ్గర తడబడతారు. నా దగ్గర మూడు పాత ల్యాప్‌టాప్‌లున్నాయి. అన్నీ సిద్ధం చేసుకున్నాక మా ఇంట్లోనే గొడవ మొదలైంది. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులోకి మారే పద్ధతి చాలని మా తమ్ముడు అంటాడు. నేను ఇన్‌స్క్రిప్ట్ నేర్పాలంటాను.

నా కారణం చెబుతాను. ఇన్‌స్క్రిప్ట్ 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ తెచ్చిన కీబోర్డు అమరిక. మన దేశ లిపుల్లో చాలావాటికి ఒకే వరుస. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. ఇంగ్లీషు కె మీట నొక్కితే తెలుగులో క వస్తుంది, ఒడియాలోనూ క వస్తుంది. సి నొక్కితే మ, ఎన్ నొక్కితే ల. మా అన్నయ్య కూతురు ఒడియా టైపింగ్ ఈ అమరికలోనే నేర్చుకుంది. మొన్న విండోస్ మీటా స్పేస్ మీటా కలిపి నొక్కి, భాష తెలుగుకి మార్చి, "నీకు ఒడియాలో వచ్చినట్టే కమల అని కొట్టు" అన్నాను. మూడు మీటలు నొక్కింది. తెరమీద తెలుగులో కమల అని వచ్చింది. తెలుగు టైపింగ్ ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. ఆ క్షణం దాని ముఖం చూస్తే నా మాట మీకు వేరే చెప్పక్కర్లేదు.

మనలాంటి సరిహద్దు ఊళ్ల వాళ్లకు ఇంతకంటే కలిసొచ్చే అమరిక ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. మీరేమంటారు?

బరంపురం డీటీపీ

నేను ఇరవై ఏళ్లుగా పెళ్లికార్డులు, కరపత్రాలు కంపోజ్ చేస్తున్నాను. ఒడియా కార్డుకు ఆకృతి సాఫ్ట్‌వేర్, తెలుగు కార్డుకు అను సాఫ్ట్‌వేర్. అనులో నాకు అలవాటైంది యాపిల్ అనే కీబోర్డు వరుస. కళ్లు మూసుకుని కొడతాను. ఇన్‌స్క్రిప్ట్‌కు మారదామని రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను. వేళ్లకు ఒక వరుస పట్టుబడ్డాక ఇంకోటి ఎక్కదు. పిల్లలకు నేర్పితే రేపు ఏ డీటీపీ సెంటర్లోనైనా అక్కరకొచ్చేదే నేర్పాలి కదా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అన్నా, మీ చేతివేగం ముందు నేను నిలబడలేను. కానీ అనులో కంపోజ్ చేసింది అలాగే కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ ఫాంటు లేని చోట అన్నీ పిచ్చి గుర్తులే. ఎందుకంటే అది అన్నిచోట్లా ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతి కాదు. ఆకృతి పాత ఫాంట్లదీ అదే కథ. పిల్లలు రాసేది పెళ్లికార్డు కాదు. ఉత్తరం రాస్తారు, మెసేజ్ రాస్తారు, వికీపీడియాలో తమ ఊరి గురించి నాలుగు ముక్కలు రాస్తారు. అది ఎక్కడ తెరిచినా తెలుగులానే కనబడాలి.

రాయగడ అమ్మ

మీరిద్దరూ ల్యాప్‌టాప్‌లున్న పిల్లల గురించి మాట్లాడుతున్నారు. మా ఇంట్లో ఉన్నది ఒక్క ఫోన్.

మా పాప ఆరో తరగతి. తెలుగు చదవడం రాదు. శ్రీకాకుళంలో ఉన్న మా అమ్మకు తెలుగు తప్ప ఇంకో లిపి రాదు. మొదట్లో పాప ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపేది. అమ్మ ఆ మెసేజ్ పట్టుకుని పక్కింటి అబ్బాయి దగ్గరికెళ్లి చదివించుకునేది. ఇప్పుడు పాప మైకు గుర్తు నొక్కి మాట్లాడుతుంది, అది తెలుగు అక్షరాలై వెళ్తుంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని తనే చదువుకుంటుంది. మా అమ్మ జవాబు గొంతులో పంపుతుంది. ఇద్దరి మధ్యా ఎవరూ లేరు. నాకు అదే ముఖ్యం.

ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకునే దాకా ఆగితే ఈ సెలవులు అయిపోతాయి. పిల్ల ముందు మాట్లాడనీ, మాట తెరమీద కనబడనీ. అక్షరం మీద ఇష్టం అక్కణ్నుంచి వస్తుంది.

గుణుపురం మాస్టారు

అమ్మా, మీరు చెప్పింది మనసుకు తగిలింది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూనే సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. నోటితో మాట్లాడే భాష నుంచే చదువు మొదలవ్వాలన్న మనిషి. మీ మాట ఆ దారిలోదే.

అయినా ఒక ఇబ్బంది చెప్పాలి. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు, ఒక్కటే. ఒ, ఓ కూడా అంతే. అందుకని ఒడియా లిపి ముందు నేర్చిన మన పిల్లలు తెలుగు చేత్తో రాస్తే "మేము వేళ్లాము" అని రాస్తారు. నోటితో మాత్రం "వెళ్లాము" అని చక్కగా అంటారు. తేడా చెవికి తెలుసు, చేతికి తెలియదు. నేను సాయంత్రాలు తెలుగు చెప్పే పిల్లల పుస్తకాల్లో ఎక్కువగా దిద్దేది ఈ ఒక్క తప్పునే.

ఇప్పుడు పిల్లవాడు మైకులో మాట్లాడితే ఫోనే "వెళ్లాము" అని సరిగ్గా రాసి పెడుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా కొట్టినా యాప్ సరైన మాటను ముందు చూపిస్తుంది. తప్పు కనబడదు, పోదు కూడా. పరీక్ష కాగితం మీద మళ్లీ "వేళ్లాము" అనే వస్తుంది.

జయపురం కుర్రాడు

మాస్టారూ, అదే పనిగా లేఖినిలో రాయించండి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగుగా మార్చే వెబ్‌సైటు అది. అక్కడ ఇంగ్లీషు చిన్న ఇ కొడితే ఎ, పెద్ద ఇ కొడితే ఏ. చిన్న టి కొడితే త, పెద్దది కొడితే ట. సూచనలు ఏమీ చూపించదు, మనం ఏది కొడితే అదే వస్తుంది. హ్రస్వం, దీర్ఘం తనే ఆలోచించుకోవాలి. పైగా మీటలు కొత్తగా నేర్చుకునే పని లేదు. నేను ఐదేళ్లుగా అన్నీ అందులోనే రాస్తున్నాను. విండోస్‌లో కూడా 2019 నుంచి తెలుగుకూ ఒడియాకూ ఇలా ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు అందులోనే వస్తోంది కదా. ఇన్‌స్క్రిప్ట్ ఎవరు వాడుతున్నారు? మా కాలేజీలో ఒక్కరినీ చూడలేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

తమ్ముడూ, నీకు ఇంగ్లీషు బాగా వచ్చు కాబట్టి లేఖిని సులువు. మా వీధి నాలుగో తరగతి పిల్లవాడికి ఇంగ్లీషు అక్షరమే సరిగ్గా పట్టుబడలేదు. వాడు తెలుగు క రాయాలంటే ముందు ఇంగ్లీషులో దానికి ఏం కావాలో ఆలోచించాలి. తెలిసిన రెండు భాషల మధ్య, సరిగా తెలియని మూడో భాష ఎందుకు అడ్డుపెట్టాలి? వాడికి ఒడియా క తెలుసు. దాని పక్కనే తెలుగు క పెడితే ఒక్క అడుగు.

ఈ రెండూ ఎంత దగ్గరో యూనికోడ్‌లో చూస్తే తెలుస్తుంది. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఒడియా క సంఖ్యకు 256 కలిపితే తెలుగు క వస్తుంది. ఒడియా మ కు 256 కలిపితే తెలుగు మ. ల కూడా అంతే. ఒడియాకూ తెలుగుకూ మధ్య తమిళం ఉంది, ఒక్కో లిపికి 128 స్థానాల చొప్పున. మన లిపులకు కంప్యూటర్ సంకేతాలు నిర్ణయించిన ఇస్కీ ప్రమాణంలోనే చాలా లిపుల్ని ఒకే వరుసలో పేర్చారు, యూనికోడ్ ఆ వరుసనే తీసుకుంది. ఇన్‌స్క్రిప్ట్ అమరిక కూడా ఆ ప్రమాణంలో భాగమే. ఈ పని చేసినవాళ్లు మన దేశ భాషల్ని ఒక కుటుంబంగా చూశారు. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

మాస్టారు చెప్పిన ఎ, ఏ దగ్గరే నాకు అసలు జవాబు దొరికింది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఏత్వం దీర్ఘం ఎస్ మీట మీద, హ్రస్వం జెడ్ మీట మీద ఉంటాయి. ఒడియాకు ఎస్ మీట ఒక్కటే అవసరం. అంటే ఒడియా అలవాటైన పిల్లవాడు తెలుగు రాసేటప్పుడు వేలు ఎస్ మీదికే పోతుంది, తెరమీద "వేళ్లాము" అని కనబడుతుంది. ఇక్కడ తప్పును దాచిపెట్టే యాప్ లేదు. వాడే చూసి, చెరిపి, జెడ్ వెతుక్కుంటాడు. మా అన్నయ్య కూతురు రెండో రోజు సరిగ్గా ఇదే చేసింది. మూడో రోజుకి "ఇది తెలుగు మీట" అని జెడ్‌కి తనే పేరు పెట్టింది.

సిరివంచ గోదావరి

మాది మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మీ పిల్లల ఇబ్బందే మా పిల్లలదీ. మరాఠీలోనూ ఎ, ఏ తేడా లేదు.

నేను మరాఠీ టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్‌లో నేర్చుకున్నాను, తెలుగు దానంతటదే వచ్చింది, ఇది నిజం. కానీ హెచ్చరిక ఒకటి. మా దగ్గర పాత టైపురైటరు వరుసలో మరాఠీ నేర్చినవాళ్లు ఎక్కువమంది. వాళ్లకు ఈ లాభం సున్నా. మీ ఊళ్లో ఒడియా నేర్పే సెంటర్లలో ఏ వరుస నేర్పుతున్నారో ముందు కనుక్కోండి. అది వేరేదైతే పిల్లలకు రెండు వరుసలు నెత్తిన పడతాయి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మంచి మాట. ఇక్కడి సెంటర్లలో అడిగాను. ఒకచోట ఇన్‌స్క్రిప్ట్, ఇంకోచోట ఆకృతిలో పాత వరుస. అందుకే ఒడియా కూడా నేనే ఇన్‌స్క్రిప్ట్‌లో మొదలుపెడతాను. మొదటి వారం ఒడియా, రెండో వారం అవే మీటలు తెలుగులో.

రాయగడ అమ్మ

మీరు మైకు మాట దాటేశారు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

దాటలేదమ్మా, ఆలోచిస్తున్నాను. మీ పాపకు, మీ అమ్మగారికి మధ్య జరిగింది ఏ కీబోర్డూ చేయలేదు. ఆ విషయంలో నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. చదవడం రాని పిల్లకు మైకే ముందు.

కానీ మన మాటలో ఒడియా కలుస్తుంది కదా. గూగుల్ 2017లో మాటను అక్షరాలుగా మార్చే పద్ధతిని ఎనిమిది భారతీయ భాషలకు తెచ్చినప్పుడు తెలుగు ఉంది, ఒడియా లేదు. తెలుగు పెట్టుకుని నేను "పొద్దున పఖాళ తిన్నాను" అంటే "పక్కల తిన్నాను" అని రాసింది. మళ్లీ చెప్పాను, మళ్లీ అదే. మా ఇంట్లో దాన్ని చద్దన్నం అనరు, పఖాళే అంటారు. మన మాట మనకు కావలసినట్టు రాయాలంటే చివరికి వేళ్లే దిక్కు. పాప చేత రోజూ మైకులో మాట్లాడించండి, తప్పు పడిన ఆ ఒక్క మాటను మాత్రం చేత్తో దిద్దమనండి. ఫోన్‌కి ఇండిక్ కీబోర్డు అనే ఉచిత యాప్ ఉంది, దాంట్లో తెలుగుకూ ఒడియాకూ ఇన్‌స్క్రిప్ట్ ఉంది. ల్యాప్‌టాప్ అక్కర్లేదు.

రాయగడ అమ్మ

దిద్దడం వరకు అంటే సరే. ఈ రాత్రి పెట్టి చూస్తాను. పాపకు పఖాళ అంటే ప్రాణం, ఆ మాటతోనే మొదలుపెడతాం. మా అమ్మకూ అదేంటో తెలుస్తుంది.

జయపురం కుర్రాడు

నేను ఇప్పటికీ లేఖినే అంటాను. పదో తరగతి దాటినవాళ్లకు అదే దగ్గర దారి. చిన్నపిల్లల సంగతి మీ ఇష్టం, నాకు ఆ అనుభవం లేదు.

బరంపురం డీటీపీ

నేను మారను, నా వయసుకు మారలేను. కానీ మీ ల్యాప్‌టాప్ మీటల మీద అక్షరాలు ఏవి? ఇంగ్లీషు ఒక్కటే ఉంటే పిల్లలు ఎలా వెతుక్కుంటారు? నా దగ్గర స్టిక్కర్ షీటు ఉంది. ఒక్కో మీటకు ఎడమ మూల ఒడియా ఎర్ర రంగులో, కుడి మూల తెలుగు నీలం రంగులో వేసి, లామినేషన్ చేసి, కోసి పంపుతాను. మూడు సెట్లు. డబ్బులొద్దు. అక్షరాల జాబితా పంపండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అన్నా, ఏమని చెప్పను! జాబితా ఇప్పుడే పంపుతున్నాను. రెండు చోట్ల చూసుకోండి. జెడ్ మీట మీద ఎత్వం, ఒకటి అంకెకు ఎడమ పక్కనున్న మీట మీద ఒత్వం. ఆ రెండింటికీ ఒడియాలో జత లేదు.

బరంపురం డీటీపీ

మరి ఎడమ మూల ఏం వేయమంటారు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఏమీ వద్దు. తెలుగు అక్షరం ఒక్కటే మీట నిండా పెద్దగా వేయండి.