బాండింగ్ ఫెయిలోవర్: కేబుల్ తీస్తే మారుతోంది, స్విచ్ అవతల తెగితే మారడం లేదు

ప్రశ్న (మాదాపూర్):
మా ఆఫీసు సర్వర్‌లో లినక్స్ బాండింగ్ డ్రైవర్‌ను (పలు నెట్‌వర్క్ కార్డులను ఒక్కటిగా వాడించే సాఫ్ట్‌వేర్) యాక్టివ్-బ్యాకప్ మోడ్‌లో (ఒకటి పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా ఉండే పద్ధతి) పెట్టి, రెండు నెట్‌వర్క్ కార్డులను రెండు వేర్వేరు స్విచ్‌లకు కలిపాము. లింకును ఎంతసేపటికోసారి చూడాలో చెప్పే ఎంఐఐమాన్ విలువ 100 మిల్లీసెకన్లు. సర్వర్ దగ్గర కేబుల్ తీయగానే రెండో కార్డు పని అందుకుంటోంది. అయితే మొదటి స్విచ్‌కూ కోర్ స్విచ్‌కూ (మిగతా స్విచ్‌లు కలిసే ప్రధాన స్విచ్) మధ్య ఫైబర్ తెగినప్పుడు సర్వర్ ఆ లింకునే పట్టుకుని ఉండిపోయింది. పైగా స్విచ్ రీబూట్ అయి తిరిగి వచ్చాక దాదాపు అర నిమిషం సర్వర్ ఎవరికీ అందలేదు. లోపం డ్రైవర్‌దా, సెట్టింగులదా?

జవాబు (గచ్చిబౌలి):
సెట్టింగులదేనండి. ఎంఐఐమాన్ చూసేది కార్డుకూ ఎదుటి స్విచ్ పోర్టుకూ మధ్య క్యారియర్ (లింకు సంకేతం) ఉందా లేదా అన్నది మాత్రమే. అవతల దారి తెగినా పోర్టు లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, ప్రాక్ (సిస్టమ్ స్థితిని చూపే ఫోల్డర్) కింద బాండింగ్ ఫైల్ తెరిస్తే ఎంఐఐ స్టేటస్ 'అప్' అనే ఉంటుంది, లింక్ ఫెయిల్యూర్ కౌంట్ పెరగదు. ఎంఐఐమాన్ తీసేసి ఏఆర్పీ మానిటరింగ్‌కు (ఒక ఐపీకి ప్రశ్న పంపి, జవాబు వస్తోందా అని చూసే పద్ధతి) మారండి. రెండూ కలిపి వాడకూడదు. ఏఆర్పీ ఇంటర్వెల్‌కు 1000 (మిల్లీసెకన్లు) ఇచ్చి, టార్గెట్‌గా కోర్ స్విచ్ వైపున్న, అదే సబ్‌నెట్‌లోని గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారినిచ్చే పరికరం) ఐపీని ఇవ్వండి. టార్గెట్ ఒక్కటే అయితే గేట్‌వే ఆగినప్పుడు రెండు లింకులూ పోయాయని డ్రైవర్ నిర్ణయించుకుంటుంది, కనుక రెండో ఐపీ కూడా తప్పక చేర్చండి.

జవాబు (కూకట్‌పల్లి):
ఏఆర్పీ వ్యాలిడేట్‌ను (వచ్చిన ప్యాకెట్ ఆ ఏఆర్పీ పరీక్షకు సంబంధించినదేనా అని సరిచూసే సెట్టింగు) 'ఆల్' చేయడం మరవకండి. డిఫాల్ట్‌గా అది 'నన్'లో ఉంటుంది. అప్పుడు అదే స్విచ్‌కు ఉన్న ఇంకో సర్వర్ నుంచి వచ్చే ప్యాకెట్లను చూసి కూడా లింకు బతికే ఉందని డ్రైవర్ అనుకుంటుంది.

ఇక అర నిమిషం సంగతి స్పానింగ్ ట్రీది, అంటే నెట్‌వర్క్‌లో వలయాలు ఏర్పడకుండా స్విచ్‌లు వాడే పద్ధతిది. పోర్టు లేచాక లిజనింగ్‌లో 15 సెకన్లు, లెర్నింగ్‌లో 15 సెకన్లు ప్యాకెట్లను వదలదు. మీరు మొదటి కార్డును ప్రైమరీగా (బాగున్నప్పుడల్లా వాడాల్సిన కార్డుగా) పెట్టి ఉంటే, క్యారియర్ రాగానే డ్రైవర్ ఆ మూసిన దారికే తిరిగి వెళ్తుంది. సర్వర్ పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా (ఈ నిరీక్షణ లేకుండా వెంటనే ప్యాకెట్లను వదిలేవిగా) మార్పించండి.

ప్రశ్న అడిగినవారు:
స్విచ్‌లు భవన యాజమాన్యం చేతిలో ఉన్నాయి. అప్‌డిలే (లింకు లేచాక దాన్ని వాడే ముందు ఆగే సమయం) 40000 మిల్లీసెకన్లు పెడితే సరిపోదా?

జవాబు (గచ్చిబౌలి):
అప్‌డిలే ఎంఐఐమాన్‌తోనే పనిచేస్తుంది. ఏఆర్పీకి మారి, పై జవాబులో చెప్పినట్టు వ్యాలిడేట్ 'ఆల్' చేశాక దాని అవసరమే ఉండదు. పోర్టు ప్యాకెట్లు వదలనంతసేపూ ఆ లింకు లేచినట్టు డ్రైవర్ లెక్కపెట్టదు. ప్రైమరీ రీసెలెక్ట్‌ను (ప్రైమరీకి ఎప్పుడు తిరిగి వెళ్లాలో చెప్పే సెట్టింగు) 'ఫెయిల్యూర్'గా మారిస్తే అనవసరంగా వెనక్కి మారడమూ ఆగుతుంది. పరీక్షించేటప్పుడు మాత్రం సర్వర్ కేబుల్ తీయకుండా, స్విచ్ అప్‌లింక్ పోర్టును (కోర్ స్విచ్ వైపు పోర్టును) ఆపించి చూడండి.