నాయనకు 72 ఏళ్లు: రోజుకు 10,000 అడుగులు నడిపించాల్సిందేనా?

కందుకూరు మాస్టారు:

మా నాయన నలభై ఏళ్లు పొగాకు పండించాడు. ఆకు ఎండబెట్టే బ్యారన్‌లో పైదాకా ఎక్కి ఆకు కర్రలు పేర్చిన మనిషి. పోయిన సంక్రాంతి ముందు బాత్రూములో జారి పడ్డాడు. ఎముక విరగలేదని ఎక్స్‌రే చూసి చెప్పారు. కానీ ఆ రోజు నుంచి నడక మానేశాడు. మంచం, వరండాలో కుర్చీ, మళ్లీ మంచం. వీధి చివర టీ కొట్టుకు కూడా పోవడం లేదు. రమ్మంటే 'మళ్లీ పడతానేమో అబ్బయ్యా' అంటాడు.

నేను ఒక తప్పు చేశాను. అడుగులు లెక్కపెట్టే వాచీ కొని ఆయన చేతికి కట్టి, 10,000 టార్గెట్ పెట్టాను. రోజూ తెల్లవారుజామున కాలేజీ గ్రౌండ్‌కు తీసుకుపోయి వెంటపడి నడిపించాను. తొమ్మిదో రోజుకు కుడి మోకాలు వాచింది. నా మీద కోపం కూడా చూపించలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ వయసులో నిజంగా ఎన్ని అడుగులు కావాలి? ఆ భయం ఎట్లా పోగొట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

నెల్లూరు ఫిజియో:

మాస్టారూ, పదమూడేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ముందు ఆ వాపు తగ్గనివ్వండి. మోకాలు ఎర్రగా, వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించండి.

10,000 అనేది డాక్టర్లు కట్టిన లెక్క కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరు 'మాన్పో-కెయ్', అంటే పదివేల అడుగుల మీటరు. ఆ పేరే ఇప్పుడు మన ఫోన్లలోకి వచ్చి కూర్చుంది. హార్వర్డ్‌లో ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్లున్న 16,741 మంది స్త్రీలకు మీటర్లు పెట్టి, 2019లో ఫలితం ప్రకటించింది. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అంతకుమించి తేడా కనిపించలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ నడుస్తారు కదా, అందుకని ఆ తేడా అంతా నడక వల్లే అనుకోకూడదు. అయినా మీ నాయనకు 10,000 అక్కర్లేదని చెప్పడానికి ఇది చాలు.

నన్నడిగితే మీరు చూడాల్సింది అడుగులు కాదు. కుర్చీలోంచి లేవడం, తిరగడం, మళ్లీ కూర్చోవడం. మేము చేసే చిన్న పరీక్ష ఒకటుంది. కుర్చీ నుంచి మూడు మీటర్ల దూరంలో సుద్దతో గీత గీయండి. ఆయన లేచి, మామూలుగా నడిచి, గీత దగ్గర తిరిగి వచ్చి కూర్చోవాలి. మీరు పక్కనే ఉండండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క.

దీనికి మందు కాళ్ల బలం. అమెరికాలో 70 నుంచి 89 ఏళ్ల మధ్య 1,635 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు నడకతో పాటు కాళ్ల బలానికి, నిలకడకు వ్యాయామాలు చేయించారు. రెండో గుంపుకు ఆరోగ్యం గురించి క్లాసులు చెప్పారు. సగటున రెండున్నరేళ్లు దాటాక, 400 మీటర్లు నడవలేని స్థితికి వచ్చినవాళ్లు మొదటి గుంపులో 30 శాతం, రెండో గుంపులో 35 శాతం పైన. 2014లో వచ్చింది ఈ ఫలితం. తేడా మరీ పెద్దది కాదు, కానీ నూటికి ఆ అయిదుగురిలో మీ నాయన ఉంటే మీకు అదే పెద్దది.

వాపు తగ్గాక గట్టి కుర్చీ గోడకు ఆనించి, లేచి కూర్చోవడం అయిదుసార్లు, పూటకొకసారి. మొదట్లో చేతుల ఊతం తీసుకోవచ్చు. నడక ఇంటి ముందే, నాలుగైదు నిమిషాలు. నొప్పి మరుసటి పొద్దుటికి మామూలుకు రాకపోతే ఆ రోజు తగ్గించండి. బాత్రూములో పట్టుకోవడానికి రాడ్డు ఈ వారమే పెట్టించండి. భయం మాటలతో పోదు, పట్టుకునేది ఒకటి ఉంటే పోతుంది.

పొదిలి వాసి:

మేడమ్ చెప్పింది బాగుంది. నాదొక్క మాట. మీరు చిన్నప్పటి నుంచి ఏ నీళ్లు తాగారు మాస్టారూ? మా అమ్మ నడుము బిగుసుకుపోతే వయసు అనుకుని మూడేళ్లు పోగొట్టుకున్నాం. చివరికి నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలకు పట్టిందని తేలింది. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొట్టమొదట, 1937లో, రాసిపెట్టింది నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. పొదిలి, దర్శి, కనిగిరి, మీ కందుకూరు అన్నీ నెల్లూరు కిందే ఉండేవి. గడ్డం ఛాతీకి ఆనుతుందా, చేతులు తల వెనక్కి పోతాయా చూడండి. బిగుసుకుపోయినట్టుంటే ఆ మాట డాక్టరుతో చెప్పండి. బోరు నీళ్లయితే పరీక్ష చేయించండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. కాస్తే ఫ్లోరైడ్ పోదు, ఇది చాలామందికి తెలియదు.

కందుకూరు మాస్టారు:

ఆరు వారాల తర్వాత రాస్తున్నా. నాయనకు గడ్డం ఛాతీకి ఆనుతోంది, చేతులు తల వెనక్కి పోతున్నాయి. అయినా బోరు నీళ్లు పరీక్షకు ఇచ్చాం, 1.4 వచ్చింది. తాగడానికి, వంటకు ఆర్వో నీళ్లకు మారాం. పొదిలి అన్నకు దండం.

మొదటి రోజు గీత దాకా పోయి రావడానికి నాయనకు 19 సెకన్లు పట్టింది. నిన్న 14. వాచీ తీసి బీరువాలో పెట్టాను. రాడ్డు పెట్టించిన రోజు దాన్ని రెండు చేతులతో ఊపి చూసి, 'గట్టిగానే ఉంది' అన్నాడు. కుర్చీలోంచి లేచేది మా పాప లెక్కపెడుతుంది, అయిదు అయ్యాక ఆయనే ఇంకో రెండు చేస్తున్నాడు.

మేడమ్, ఒక సందేహం. రోహిణి కార్తె ఎండలు మొదలయ్యాయి, ఇక్కడ ఏడు గంటలకే చెమటలు. సాయంత్రం నడిపించవచ్చా?

నెల్లూరు ఫిజియో:

ఎండ దిగాక, వెలుగు ఉండగానే నడిపించండి. చీకట్లో వద్దు. బీపీ మాత్రలు వాడుతుంటే మంచంలోంచి లేవగానే నడవకుండా రెండు నిమిషాలు కూర్చోమనండి. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి కొనండి. మళ్లీ టైము చూసినప్పుడు ఇక్కడ రాయండి.

కందుకూరు మాస్టారు:

అలాగే మేడమ్. ఈ రోజు సాయంత్రం టీ కొట్టు దాకా వెళ్లి వచ్చాం. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. వచ్చేటప్పుడు పట్టుకోలేదు.