ట్యూడర్ కాలపు కలప ఇళ్ల నల్లరంగును ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న అడిగిన సభ్యుడు:
ఇంగ్లండ్‌లో నల్లని కలప, తెల్లని గోడలతో కనిపించే పాత ఇళ్లు 1485–1603 నాటి ట్యూడర్ రాజుల కాలంలోనూ ఇలాగే ఉండేవా? ఆ నలుపు అసలుది కాదు కనుక తీసేయాలని కొందరు అంటున్నారు. ఏది సబబు?

రెండో సభ్యుడు:
ఉంచాలి. తారు పూయకపోతే ఆ దేశపు వానలకు కలప ఇన్ని వందల ఏళ్లు నిలిచేది కాదు.

మూడో సభ్యుడు:
రెండో సభ్యుడి మాటను నేను అంగీకరించలేను. ఆ ఇళ్లను నిలిపింది తారు కాదు, ఓక్ చేవ, దానితో పాటు వడ్రంగుల పనితనం. చెట్టును కొట్టాక దుంగలను పచ్చిగా ఉన్నప్పుడే చెక్కి, ఒకదాని కొనను నాలుకలా మలిచి, రెండోదానిలో తొలిచిన గాడిలో దించి, అడ్డంగా చెక్క సీల కొట్టి బిగించేవారు. ఆరే కొద్దీ కలప వంకర్లు తిరిగినా అతుకు మాత్రం వదిలేది కాదు. చట్రాన్ని ముందుగా నేలమీద పరిచి సరిచూసి, ఏ ముక్క ఎక్కడ చేరాలో తెలిసేలా ఉలితో రోమన్ అంకెల వంటి గీతలు గీసి, విప్పి, ఇంటి స్థలంలో మళ్లీ నిలబెట్టేవారు. చాలా ఇళ్లలో ఆ గీతలు నేటికీ కనిపిస్తాయి. ఒక స్తంభం అతుకు దగ్గర మూడు గీతలుంటే, అందులో చేరే ఏటవాలు కర్ర మీదా ఆ మూడే ఉంటాయి. ఇంటి బరువును మోసేది ఈ చట్రమే. మధ్య ఖాళీలను మాత్రం, మన పల్లెల్లో తడికకు మట్టి మెత్తినట్టే, బద్దలు అల్లి, గడ్డీ పేడా కలిపిన బంకమట్టి మెత్తి, సున్నం పూసి మూసేవారు.

ఇక రంగు విషయం. పూత లేని ఓక్ ఎండకూ వానకూ వెండిలాంటి బూడిదరంగుకు తిరుగుతుంది. చెషైర్‌లో 16వ శతాబ్ది తొలినాళ్లలో మొదలైన లిటిల్ మోర్టన్ హాల్‌లో కలప మొదట అలాగే ఉండేది, మధ్య గోడలకు కావిరంగు ఉండేది. నలుపుతెలుపులు 19వ శతాబ్దిలో వచ్చాయి. సఫోక్‌లోని లావెన్‌హామ్‌లోనైతే కలప మీదా సున్నమే పూసిన ఇళ్లు కనిపిస్తాయి. గ్యాస్ కర్మాగారాల నుంచి తారు విరివిగా దొరికినదీ 19వ శతాబ్దిలోనే. తారు పొర పగిలిన చోట లోపలికి దిగిన నీరు తిరిగి ఆరే దారి లేక, కాపాడవలసిన కలపనే కుళ్లబెడుతుంది.

రెండో సభ్యుడు:
తారు విషయంలో నా మాట వెనక్కు తీసుకుంటున్నాను. కానీ నూటయాభై ఏళ్లుగా ఊరివాళ్లు చూస్తూ వచ్చిన నలుపు కూడా ఆ ఇంటి చరిత్రే కదా? దాన్ని గీకి పారేస్తే మరో చరిత్రను చెరిపినట్టు అవుతుంది.

మూడో సభ్యుడు:
ఆ మాట నిజం. పైగా ఇసుకను ఒత్తిడితో చిమ్మి రంగు వదిలిస్తే కలప పైపొర లేచిపోయి, వడ్రంగి గొడ్డలి గాట్లూ, నేను చెప్పిన అంకెల గీతలూ పోతాయి. అందుకే ఉన్న నలుపును బలవంతంగా తీయవద్దనీ, కొత్తగా తారు మాత్రం పూయవద్దనీ, పగుళ్లలో సిమెంటు బదులు సున్నమే వాడాలనీ నా అభిప్రాయం. పూత లేని ఓక్ రంగు చూడాలనుకునేవారు ససెక్స్‌లోని సింగిల్టన్ వెళ్లవచ్చు. కెంట్‌లో జలాశయం కట్టేటప్పుడు విప్పి తెచ్చిన బేలీఫ్ అనే 15వ శతాబ్దపు రైతు ఇంటిని అక్కడి మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు.