డిస్లెక్సియా ఉన్న కుటుంబాల్లో పసిపిల్లలకు ఇంట్లో చదివి వినిపించడం: మీ అనుభవాలు

పద్మ_గుంటూరు
మా వారు ఇంజినీరు. అయినా చిన్నప్పుడు తరగతిలో పాఠం పైకి చదవమంటే వణికిపోయేవారట, ఇప్పటికీ ఒక పేజీ చదవడానికి ఆయనకు చాలాసేపు పడుతుంది. మా మరిదికైతే డిగ్రీ రోజుల్లో డిస్లెక్సియా, అంటే చదవడం కష్టమయ్యే సమస్య, అని నిర్ధారించారు. మా బాబుకు మూడేళ్ళు నిండాయి, మాటలు ఆలస్యంగా వచ్చాయి. రోజూ కథలు చదివి వినిపిస్తే ముప్పు తప్పుతుందని కొందరు, వంశంలో ఉన్నది ఎటూ వస్తుందని కొందరు అంటున్నారు. ఇలాంటి ఇళ్ళలో పిల్లలను పెంచినవారు ఏం చేశారో తెలుసుకోవాలని ఉంది.

ఎస్పో_నాన్న
పద్మ గారూ, నాకూ ఆ ఇబ్బంది ఉంది కాబట్టి మా పాప పుట్టినప్పటి నుంచీ ఇదే బెంగ. మేముండే ఫిన్లాండ్‌లో యువాస్కులా విశ్వవిద్యాలయం వారు 1990ల్లో సుమారు రెండు వందల మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి బడి వయసు దాటేవరకు గమనించారు, వారిలో సగం మంది డిస్లెక్సియా ఉన్న కుటుంబాలవారు. రెండేళ్ళకు మాటలు వెనకబడిన పిల్లల్లో, వంశంలో సమస్య లేనివారు చాలావరకు తోటివారిని అందుకున్నారు, ఉన్నవారిలో మాత్రం ఆ వెనకబాటు కొనసాగింది. బడికి ముందు అక్షరాల పేర్లు ఎన్ని తెలుసన్నదే తరువాతి చదువుకు గట్టి సూచికగా తేలింది. అలాగని బెదిరిపోనక్కర లేదు. వేర్వేరు దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, తల్లిదండ్రుల్లో గాని తోబుట్టువుల్లో గాని ఈ సమస్య ఉన్న పిల్లల్లో దాదాపు 45 శాతం మందికే అది వచ్చింది.

వరంగల్_స్పీచ్
నేను స్పీచ్ థెరపిస్టును. కెనడాలో సెనెషాల్, లెఫెవ్ర్ అనే పరిశోధకులు 2002లో చూపినది ఇక్కడ బాగా వర్తిస్తుంది. పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథల పుస్తకాలు చదవడం పదసంపదను, విని అర్థం చేసుకునే శక్తిని పెంచుతుంది. అక్షరం, దాని ధ్వని తెలియడం మాత్రం పెద్దలు విడిగా నేర్పినప్పుడే కుదురుతుంది. ఒకటి చేస్తే రెండోది దానంతట అదే రాదు. డిస్లెక్సియాలో ప్రధానంగా తడబడేది మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడంలో కాబట్టి, కథలు విన్నంత మాత్రాన ఆ ముప్పు పోతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. అయినా కథలు వృథా కావు, ఎందుకంటే చదవడం కష్టమైన బిడ్డకు భాష అయినా బలంగా ఉంటే, ముక్క ముక్కగా చదివిన వాక్యాన్ని సందర్భాన్ని బట్టి అల్లుకోగలదు.

చదివే తీరు కూడా ముఖ్యమే. అమెరికాలో వైట్‌హర్స్ట్ బృందం 1988లో తల్లిదండ్రులకు ఒక పద్ధతి నేర్పింది: గడగడా చదువుకుపోకుండా ‘ఇప్పుడేమవుతుంది, వీడెందుకు ఏడుస్తున్నాడు’ అని అడగడం, బిడ్డ ‘కుక్క’ అంటే ‘అవును, తడిసిన నల్ల కుక్క’ అని పెంచి అప్పగించడం. ఆ పిల్లల మాట్లాడే భాష తక్కినవారి కంటే మెరుగుపడింది. ముందుగా బాబుకు వినికిడి పరీక్ష చేయించారా? మాటలు ఆలస్యమైనప్పుడు మొదట చూడవలసినది అదే.

కాకినాడ_మాస్టారు
ఫిన్నిష్ భాషకు అక్షరాలు తక్కువ, ఒక్కో అక్షరానికి దాదాపు ఒకే ధ్వని. మన పిల్లలకు వర్ణమాలతో పని అయిపోదు, గుణింతాలు, ఒత్తులు కలిసి వందల రూపాలను గుర్తుపట్టాలి. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలోనూ అక్షరాలన్నీ పట్టుబడటానికి ప్రాథమిక తరగతులు చాలావరకు గడిచిపోతాయని తేలింది. కాబట్టి మూడేళ్ళవాడికి పలక ఇచ్చి దిద్దించవద్దు. ‘కమల’లో మొదట ఏం వినబడింది, ‘క’ తీసేస్తే ఏం మిగిలింది వంటి నోటి ఆటలు, ప్రాసల పాటలు ఈ వయసుకు చాలు.

పద్మ_గుంటూరు
వినికిడి పరీక్ష మామూలుగానే వచ్చింది. ఇంకో చిక్కు ఉంది. మా వారు పుస్తకం పట్టుకోవడానికి జంకుతారు, తాను తప్పు చదివితే బాబుకు తప్పే వస్తుందని ఆయన భయం. మా అత్తగారేమో తెలుగు మాని ఇంగ్లీషులోనే మాట్లాడితే ఒకే భాషతో తేలికవుతుందంటున్నారు.

ఎస్పో_నాన్న
ఆ జంకు నాకూ ఉంది. నేను బొమ్మలు చూపిస్తూ సొంత కథ చెబుతాను, అచ్చులో ఉన్నది మా ఆవిడ చదువుతుంది. ఒక సంగతి మాత్రం దాచకూడదు: పుస్తకాలు ఎక్కువున్న ఇళ్ళ పిల్లలు బాగా చదువుతారన్న లెక్కల్లో, చదువరులైన తల్లిదండ్రుల జన్యువుల పాలు కూడా కలిసి ఉంటుంది. నా పుస్తకాల అర ఖాళీగా ఉందని మా పాపకు అన్యాయం చేస్తున్నానని ఎవరైనా అంటే ఒప్పుకోను.

వరంగల్_స్పీచ్
రెండు భాషల వల్ల డిస్లెక్సియా రాదు. ఇంట్లో అందరికీ ధారాళంగా వచ్చిన భాషనే వాడండి, అత్తగారికి తెలిసిన కథలు, పొడుపు కథలు తెలుగులోనే కదా ఉన్నాయి. బొమ్మల పుస్తకాల కోసం ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి.

నిర్ధారణ సంగతి వేరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో అభ్యసన వైకల్యం (డిస్లెక్సియా దీని కిందకే వస్తుంది) చేరినా, 2018లో వచ్చిన మార్గదర్శకాలు బడిలో స్క్రీనింగ్‌ను మూడో తరగతిలో గాని ఎనిమిదేళ్ళకు గాని చేయాలన్నాయి. అప్పటిదాకా నిర్ధారణ కాగితం కోసం ఆగకండి. నాలుగేళ్ళు దాటాక కూడా వాక్యాలు పొట్టిగానే ఉన్నా, ప్రాస పట్టలేకపోయినా, తెలిసిన వస్తువు పేరుకే తడుముకుంటున్నా దగ్గరలోని థెరపిస్టుకు చూపించండి, వంశంలో ఉన్న విషయం మొదటి రోజే చెప్పండి.