పడవే ఇల్లయితే పొయ్యి ఏది? గ్యాసా, ఇండక్షనా, అసలు ఓవెన్ అక్కరా?

ఉప్పుగాలి, సౌతాంప్టన్

ఏప్రిల్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి నేనూ మా ఆయనా 36 అడుగుల తెరచాప పడవలోకి మారిపోయాం. సోలెంట్ జలసంధి తీరాన ఒక మెరీనాలో, అంటే పడవలు కట్టేసుకునే రేవులో, మకాం. వారాంతాల్లో చిన్న ప్రయాణాలు చేస్తున్నాం, వచ్చే వేసవికి ఫ్రాన్స్‌లోని బ్రిటనీ దాకా వెళ్లాలని ఆశ. పడవతో పాటు వచ్చిన పొయ్యికి పైన రెండు బర్నర్లు, కింద ఓవెన్. ముప్ఫై ఏళ్ల నాటిది. ఓవెన్ మీట మీద నుంచి వేలు తీస్తే మంట ఆరిపోతుంది. అడుగు రేకును చెంచాతో గీకితే పొరలు పొరలుగా రాలుతోంది. మార్చక తప్పదు.

మా ఆయన ఇండక్షన్ పెట్టించుకుందామంటారు. నాకు మంట కనబడనిదే వండినట్టే ఉండదు. మా తిండి సాదా: అన్నం, పప్పు, ఒక కూర, పొద్దున దోసె. పాత ఇంట్లో ఓవెన్‌ని బాణళ్లు దాచుకోవడానికే వాడాను. మీరైతే ఏది కొంటారు?

చుక్కాని, సిడ్నీ

గ్యాసే. లెక్క చూడండి. యూరప్ రేవుల్లో దొరికే క్యాంపింగాజ్ 907 బండలో 2.75 కిలోల బ్యూటేన్ ఉంటుంది, అంటే దాదాపు 35 యూనిట్ల శక్తి. సగానికి పైగా వేడి గిన్నె పక్కల నుంచి పోయినా 14 యూనిట్లు వంటకు దక్కుతాయి. 12 వోల్టుల, 400 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ నిండుగా ఉంటే 5 యూనిట్లు, నష్టాలు పోగా నాలుగు. చంకలో పెట్టుకుని తెచ్చుకునే ఒక్క బండ ఆ బ్యాటరీకి మూడు రెట్ల పైన.

2017-18లో మన నౌకాదళం వారి తెరచాప పడవ తారిణిలో ఆరుగురు మహిళలు 254 రోజుల్లో ప్రపంచం చుట్టి వచ్చారు. వారిలో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. దారిలో ఆగింది అయిదు రేవుల్లోనే. రెండు రేవుల మధ్య ప్లగ్గు ఎక్కడ పెడతారు?

వోల్టు, రోటర్‌డామ్

ఆవిడ బ్రిటనీ అంటే మీరు దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ తిప్పి తెస్తున్నారు! వారంలో అయిదు రోజులు పడవ రేవులోనే కట్టి ఉంటుంది. పక్కనే 16 ఆంపియర్ల కరెంటు. లీటరు నీళ్లు కాగడానికి ఇండక్షన్ మీద పదో వంతు యూనిట్ చాలు. మా ఇద్దరి వంటకు రోజుకు ఒకటిన్నర యూనిట్ దాటదు.

అందరూ మరిచిపోయేది నీటి సంగతి. కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరై గదిలోకి వస్తుంది. దానికి కుక్కరు కూతలు తోడు. నవంబరులో కిటికీలు మూసుకున్న పడవలో ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? గోడకు, పరుపుకు మధ్య చేరుతుంది. గ్యాస్ మీద వండిన మొదటి శీతాకాలం మా పరుపు తిరగేస్తే అడుగంతా నల్లటి బూజు. రెండో ఏడాది పొయ్యి పీకేశాను.

ఇబ్బందులు లేవనను. రెండు కిలోవాట్ల హీటరు, రెండు కిలోవాట్ల ఇండక్షన్ కలిపి వేస్తే రేవు కరెంటు టప్పున పోతుంది. లంగరు వేసి ఉన్నప్పుడు 12 వోల్టుల బ్యాటరీతో అదే పొయ్యి నడపాలంటే 180 ఆంపియర్లు లాగుతుంది. వైరు బొటనవేలంత లావు ఉండాలి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. అది తెలిసిన వాడితో చేయించండి.

ఉప్పుగాలి, సౌతాంప్టన్

వోల్టు గారూ, నా కుక్కరు అల్యూమినియంది, బాణలి గుండ్రటి అడుగుది. ఇండక్షన్ మీద రెండూ పనికిరావు. పుల్కాను మంట మీద పొంగించడమూ ఉండదు. ఇవన్నీ కూడా ఖర్చులోకే వస్తాయి కదా?

వోల్టు, రోటర్‌డామ్

వస్తాయి. పుల్కా విషయంలో నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను.

సరంగు, విశాఖపట్నం

ముప్ఫై ఏళ్లు సముద్రం మీద ఉన్నవాణ్ణి. మీరు యూనిట్లు లెక్కపెడుతున్నారు గానీ, పడవలో గ్యాస్ అంటే మొదట అడగాల్సింది అది ఎక్కడికి పోతుందని. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. ఇంట్లో లీకైతే గుమ్మం కింద నుంచి ఎంతో కొంత బయటికి పోతుంది. పడవకు గుమ్మం కింద సందు ఉంటే మునిగిపోతుంది కదమ్మా. కాబట్టి గ్యాస్ దిగి దిగి బిల్జిలో, అంటే అడుగు గుంటలో, కూర్చుంటుంది. గాలిలో రెండు శాతం చేరితే నిప్పురవ్వ చాలు. ఆ రవ్వ పొయ్యిదే కానక్కరలేదు, బిల్జి పంపు మీటదే కావచ్చు.

అందుకే బండ ఉండే పెట్టె పడవ లోపలికి పూర్తిగా మూసి ఉండాలి, దాని అడుగు నుంచి నీటిమట్టానికి పైన బయటికి గొట్టం ఉండాలి. ఆ గొట్టం తెరిచి ఉందో లేదో ఈరోజే ఒక చెంబెడు నీళ్లు పోసి చూడు. మంట ఆరితే గ్యాస్ ఆపేసే ఏర్పాటు ప్రతి బర్నరుకూ ఉందా? రబ్బరు గొట్టం మీద ఏ సంవత్సరం ఉంది? వంట కాగానే ముందు బండ దగ్గర కట్టేసి, గొట్టంలో మిగిలింది మండిపోయాక పొయ్యి మీట తిప్పు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకో. ఇవన్నీ విసుగనిపిస్తే ఇండక్షనే కొనుక్కో. నేను మాత్రం గ్యాసే వాడతాను.

ఉప్పుగాలి, సౌతాంప్టన్

సరంగు గారూ, ఇప్పుడే వెళ్లి పోశాను. చెంబెడు నీళ్లూ పెట్టెలోనే నిలబడ్డాయి. తీగ పెట్టి కెలికితే ఎండుటాకులు, పాత తాడు పోగులు, చిన్న నత్త గుల్ల ఒకటి వచ్చాయి. ఆరు వారాలుగా ఆ బండ పక్కనే మేం నిద్రపోతున్నాం.

హంసతూలిక, గోథెన్‌బర్గ్

స్పిరిట్ పొయ్యి మాట ఎవరూ ఎత్తలేదే? ఇక్కడ స్వీడన్‌లో పుట్టిన ఒరిగో మా పడవలో ఇంకా నడుస్తోంది. పేలదు, గొట్టాలుండవు, అంటుకుంటే నీళ్లతో ఆరుతుంది. కాకపోతే పగటి వెలుగులో మంట కనబడదు, వేడిగా ఉండగా స్పిరిట్ నింపకూడదు, కుక్కరు కూత వేసేసరికి ఆకలి చచ్చిపోతుంది. దాని తయారీ కూడా ఆపేశారు. రోజూ రెండు పూటలా వండే వారికి నేను చెప్పను.

అట్లకాడ, ప్లిమత్

ఓవెన్ గురించి అడిగారు కదా, నా అనుభవం చెబుతాను. లైమ్ బే మధ్యలో పడవ కుడికి ఒరిగి పోతోంది. గింబల్ మీద, అంటే పడవ ఒరిగినా పొయ్యిని నిలువుగా వేలాడనిచ్చే కొక్కేల మీద, పొయ్యి ఉయ్యాలలా ఊగుతూ చక్కగా మట్టంగా ఉంది. పైన సాంబారు, కింద ఓవెన్‌లో బంగాళాదుంపలు. ఉడికాయేమోనని తలుపు తెరిచాను. ఆ తలుపు బరువంతా నా వైపు వాలేసరికి పొయ్యి మొత్తం నా మీదికి వంగింది. ఒంటి మీద తుఫాను రోజుల్లో తొడిగే వాన దుస్తులు ఉన్నాయి కాబట్టి సాంబారు తొడల మీద నుంచి జారి నేల మీద పడింది. లేకపోతే హెలికాప్టరు పిలవాల్సి వచ్చేది. తలుపు తెరిచే ముందు పొయ్యిని గొళ్లెం వేసి బిగించాలని ఆరోజు తెలిసింది. తలుపు ఓవెన్ అడుక్కి జారిపోయేలా చేసిన పొయ్యిలూ ఉన్నాయి. ఓవెన్ కావాలంటే అలాంటిదే కొనండి.

దిబ్బరొట్టె, ఆక్లాండ్

మనకు ఓవెన్ ఎందుకండీ? మందపాటి గిన్నెలో నూనె వేసి, మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద ఉంచితే అడుగు ఎర్రగా కాలి రొట్టె అవుతుంది. మా అమ్మమ్మ మూత మీద కూడా నిప్పులు వేసేది, అదే ఆవిడ ఓవెన్. కేకు కావాలా? కుక్కరు అడుగున ఉప్పు పరిచి, రబ్బరూ విజిలూ తీసేసి చేసుకోవచ్చు. కెరటాల్లో కుక్కరు మించిన గిన్నె లేదు. మూత బిగిసి ఉంటుంది, పడినా పప్పు ఒలకదు. సగానికి మించి నింపకండి, అంతే.

చుక్కాని, సిడ్నీ

ఓవెన్ వంటకే అనుకుంటున్నారు. గింబల్ పొయ్యి అడుగు బరువుగా ఉంటేనే మట్టంగా నిలుస్తుంది. ఓవెన్ తీసేసి పైన నిండు కుక్కరు పెడితే తలకిందులే.

సరంగు, విశాఖపట్నం

అడుగున నాలుగు కిలోల సీసం కడితే సరిపోతుంది. దానికోసం ఓవెన్ ఎవరైనా కొంటారా?

ఉప్పుగాలి, సౌతాంప్టన్

పది రోజుల తర్వాత వచ్చాను. మా వాదన అట్టపెట్టె తీర్చింది. కొత్త ఓవెన్ పొయ్యి కొలతలతో మా ఆయన ఒక పెట్టె కత్తిరించి, పాత పొయ్యి ఊగే కొక్కేలకే వేలాడదీశారు. ముందుకూ వెనక్కూ ఊపితే పదిహేను డిగ్రీలకే దాని వెనక అంచు పడవ గోడకు తగిలింది. తెరచాప ఎత్తితే మా పడవ అంతకంటే ఎక్కువే ఒరుగుతుంది. ఓవెన్ లేని రెండు బర్నర్ల గింబల్ పొయ్యి కొలతకు కత్తిరిస్తే పెట్టె ఎంత ఊపినా ఎక్కడా తగల్లేదు. అదే తెప్పించాం, గ్యాస్‌దే. గొట్టం, రెగ్యులేటరు కొత్తవి. బిగించే పని గ్యాస్ లైసెన్సు ఉన్న మనిషికి ఇచ్చాం.

రేవులో ఉన్న రోజులకు మా ఆయన ఒంటి ఇండక్షన్ ప్లేటు, దానికి తగిన స్టీలు కుక్కరు కొన్నారు. పొద్దున దాని మీద దోసె పోస్తే పెనం మధ్యలో మాడి చుట్టూ పచ్చిగా ఉంది. వోల్టు గారూ, దీనికేమంటారు?

వోల్టు, రోటర్‌డామ్

పెనం పలచనిది అయి ఉంటుంది. దోసె పెనం కొలత చెప్పండి.