ఉట్రెక్ట్ నుంచి సియెనాకి: 36/28 గేర్‌తో ఆ మిట్టలు ఎక్కగలనా?

వంతెనవీరుడు:
అందరికీ నమస్తే. ఏప్రిల్ చివర్లో ఐదు రోజులు ఇటలీలోని సియెనాలో ఉంటున్నాం. మా ఆవిడకి ఊరు చూడాలని ఉంది, నాకేమో చుట్టుపక్కల సైకిల్ తొక్కాలని ఉంది.

నేనుండేది నెదర్లాండ్స్‌లో, ఉట్రెక్ట్‌లో. ఇక్కడ ఎక్కుడు అంటే కాలువ మీద వంతెన, అంతే. ఎదురుగాలిలో 120 కిలోమీటర్లు తొక్కడం అలవాటే కానీ కొండ ఒక్కటీ ఎక్కిన పాపాన పోలేదు. మ్యాప్ చూస్తే అక్కడా పెద్ద కొండలేం కనబడట్లేదు. గుట్ట మీదుండే మోంటాల్చీనో ఊరు కూడా 564 మీటర్లే. మరి అందరూ ఎందుకింత భయపెడుతున్నారు?

బండికి ముందు 52/36 పళ్ల చక్రాలు, వెనక 11 నుంచి 28 పళ్లవి, టైర్లు 28 మిల్లీమీటర్లవి. రోజుకి 100 కిలోమీటర్లు పెట్టుకోవచ్చా? ఆ తెల్ల మట్టిరోడ్లు రోడ్ బైక్ మీద అయ్యే పనేనా?

పిక్కబలం:
బ్రదర్, 564 చూసి మోసపోకండి. ఫ్లోరెన్స్‌లో ఎనిమిదేళ్లున్నాను. వారాంతాల్లో సగం సియెనా చుట్టుపక్కలే గడిచాయి. అక్కడ మనిషిని పడగొట్టేది ఎత్తు కాదు, మిట్టపల్లాలు. 80 మీటర్లు ఎక్కుతారు, 70 దిగుతారు, వాగు దాటుతారు, మళ్లీ 90 ఎక్కుతారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇదే తంతు. సియెనా దగ్గరి గయోలే ఊరి నుంచి బయల్దేరే ఎరోయికా అనే పాత సైకిళ్ల యాత్ర ఉంది, దాని పెద్ద దారి 209 కిలోమీటర్లు. అందులో ఎక్కుడు మొత్తం కలిపితే 3,500 మీటర్లు దాటుతుంది. ఆ లెక్కన మీ 100 కిలోమీటర్లకి 1,700 మీటర్ల దాకా పడుతుంది. అందుకే మొదటి రోజు 60 చాలు. కాళ్లు ఏమంటాయో చూసి పెంచుకోండి.

గేర్ల సంగతి. 36/28లో నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే గంటకి దాదాపు 9.7 కిలోమీటర్ల వేగం వస్తుంది. మనిషీ బండీ కలిపి 85 కిలోలు అనుకుందాం. 12 శాతం ఎక్కుడులో ఆ వేగం నిలబెట్టాలంటే ఆ బరువు పైకి ఎత్తడానికే దాదాపు 270 వాట్లు కావాలి. అదే వెనక 34 పళ్లుంటే వేగం 8కి దిగుతుంది, ఆ లెక్క 220 వాట్లకి తగ్గుతుంది. ఈ 50 వాట్లు మొదటి ఎక్కుడులో తెలియవు. పదిహేనో ఎక్కుడులో పిక్కలు పట్టేసినప్పుడు తెలుస్తాయి. కాబట్టి క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల సెట్టు) మార్చుకోండి. ఒక్కటి చూసుకోవాలి: వెనక డిరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి మార్చే భాగం) షార్ట్ కేజ్, అంటే పొట్టి రకం, అయితే 34 పట్టకపోవచ్చు, చైన్ కూడా కాస్త పొడుగుది వేయాలి. బయల్దేరే ముందు రోజు రాత్రి మొదలుపెట్టే పని కాదది.

నేను 39/25తో వెళ్లి లె తోల్ఫె అనే ఎక్కుడులో బండి దిగి నడిచాను. ఉన్నది మట్టిరోడ్డు, వాలు 18 శాతం దాకా వెళ్తుంది. లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం గిర్రున జారుతుంది, కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. నడుస్తుంటే షూ కింద పెడల్‌కి బిగుసుకునే క్లీట్లలో కంకర ఇరుక్కుపోయింది. పైకెళ్లాక పెడల్‌కి పట్టకపోతే రోడ్డు పక్కన కూర్చుని అలెన్ కీతో గీక్కున్నాను.

చైన్_రింగ్:
పిక్కబలం గారు మరీ భయపెట్టేస్తున్నారు. 28 టైర్లతో నేను హాయిగా తిరిగొచ్చాను. గాలి తగ్గించుకుంటే చాలు. ఆ మట్టిరోడ్ల మీదుగా సాగి సియెనాలో ముగిసే స్ట్రాదె బ్యాంకె పోటీలో ప్రొఫెషనల్స్ తొక్కేదీ రోడ్ బైకులే కదా.

పిక్కబలం:
నిజమే, వాళ్లవి రోడ్ బైకులే. వాళ్ల వెనక స్పేర్ చక్రాలతో కారు కూడా వస్తుంది. ఆ పోటీలో స్లొవేనియా రైడర్ పొగాచర్ 2024లో మోంతె సాంతె మరీయె అనే మట్టిరోడ్డు దగ్గర దాడి చేసి (ఒక్కసారిగా వేగం పెంచి విడిపోయి) 81 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి గెలిచాడు. అదే మనిషి 2025లో తారు రోడ్డు మీద, దిగుడులో, జారి పడ్డాడు. లేచి మళ్లీ గెలిచాడనుకోండి, అది వేరే విషయం.

28 టైర్లతో అవుతుంది, కాదనను. ఫ్రేమ్‌లో 32 పడితే మాత్రం 32 వేసుకోండి. మట్టిరోడ్డు ఎక్కలేకపోతే దిగి నడవచ్చు, కిందికి దిగేటప్పుడే అసలు టెన్షన్. చక్రాలు వెళ్లి వెళ్లి రోడ్డు మధ్యలో రెండు నున్నటి గాడులు పడి ఉంటాయి. వాటి మధ్యా, అంచుల్లోనూ వదులు కంకర. మలుపుల దగ్గర రేకుల కప్పులా అలలు అలలుగా ఉంటుంది. బ్రేకు ఆ అలలు రాకముందే వేసి, వాటి మీద వదిలేయాలి. నేను అలల మీదే ముందు బ్రేకు నొక్కాను. మోచేతి దగ్గర తెల్ల మచ్చ ఇప్పటికీ ఉంది. వాన పడితే ఆ రోడ్ల జోలికే వెళ్లకండి, దుమ్మంతా సున్నం ముద్దలా చక్రాలకి పట్టేస్తుంది. ఇటలీలో మూడు వారాలు సాగే జీరో దిటాలియా పోటీలో, 2010లో, మోంటాల్చీనో స్టేజి ఫొటోలు చూడండి. కాడెల్ ఇవాన్స్ గెలిచిన రోజది. బురదలో ఎవరు ఎవరో పోల్చుకోలేం.

వంతెనవీరుడు:
చాలా థాంక్స్ అండీ. క్యాసెట్ ఆర్డర్ పెట్టేశాను. మొదటి రోజుకి ఒక దారి చెప్పండి, మధ్యలో ఓపిక అయిపోతే బయటపడేలా. నీళ్ల సంగతి కూడా.

పిక్కబలం:
సియెనా నుంచి లవ్రెతానా రోడ్డు పట్టుకుని అషానో వెళ్లండి. అంతా తారు రోడ్డే, దాదాపు 26 కిలోమీటర్లు. క్రేతె సెనేసి అంటే అదే: బంకమట్టి గుట్టలు, ఏప్రిల్‌లో పచ్చటి గోధుమ చేలు, గుట్ట మీద ఒక ఇల్లు, పక్కన నాలుగు సైప్రస్ చెట్లు. నీడ ఉండదు. ఓపిక ఉంటే అదే దారిన వెనక్కి రండి. లేదంటే అషానోలో స్టేషనుంది, ప్రాంతీయ రైల్లో సైకిల్‌కి విడిగా టికెట్ తీసుకుని ఎక్కొచ్చు. రైళ్లు గంటగంటకీ ఉండవు, ముందే టైమ్ చూసుకోండి. గయోలే వైపు వెళ్తే ఆ ధైర్యం పెట్టుకోకండి, అక్కడ రైలే లేదు. మట్టిరోడ్డు మోజు ఉంటే అషానో దగ్గరే మోంతె సాంతె మరీయె ఉంది, 11.5 కిలోమీటర్లు. మొదటి రోజు మాత్రం వద్దు.

చిన్న ఊళ్లలో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే కొట్లు మూసేస్తారు, నాలుగింటి దాకా తెరవరు. నీళ్లకి నా చిట్కా: శ్మశానం వెతకండి. నవ్వకండి. సమాధుల మీది పూలకి నీళ్లు పోయడానికి అక్కడ కుళాయి ఉంటుంది. "నాన్ పొతాబిలె" అని రాసుంటే తాగకూడదు. ఇంకోటి, చీకటి పడ్డాక ఊరి బయట తొక్కాలంటే మెరిసే జాకెట్ వేసుకోవడం అక్కడ చట్టం, సొరంగాల్లోనూ అంతే. పల్చటిది ఒకటి జేబులో పెట్టుకోండి.

వంతెనవీరుడు:
వెళ్లొచ్చామండీ. మొదటి రోజు అషానో దాకా వెళ్లి రైల్లోనే వచ్చాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను. 26 కిలోమీటర్లకే తొడలు వణికాయి. మూడో రోజు 70 తొక్కాను. నాలుగో రోజు లె తోల్ఫె. సగం దాకా 34 మీద కూర్చునే ఎక్కాను, తర్వాత నడిచాను. పక్క నుంచి డెబ్భై ఏళ్ల పెద్దాయన ఒకరు పాత స్టీల్ సైకిల్ మీద వెళ్తూ "దాయ్, దాయ్!" (పద, పద!) అని అరిచి వెళ్లారు.

ఊళ్లోకి వచ్చేటప్పుడు పోటీ చివర్లో ఎక్కే ఆ 16 శాతం సందు, వియా సాంతా కతెరీనా, అదీ ఎక్కాలనుకున్నాను. టూరిస్టుల మధ్య రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆగితే ఆ వాలులో మళ్లీ పెడల్ ఎక్కడం నా వల్ల కాలేదు. మా ఆవిడ పైన కాంపోలో (ఊరి పెద్ద కూడలి) జెలాటో తింటూ కూర్చుని ఉంది. నేను బండి తోసుకుంటూ రావడం చూసి ఫొటో కూడా తీసింది. అది మాత్రం ఇక్కడ పెట్టను.